నూరూ నూరూ కలిస్తే నూరే!

"ఇంట్ల ఉండేదే ముగ్గురు. రెండు నెట్ కనెక్షన్లెందుకు బిడ్డా? ఒకటి నువ్వు చూస్తవు, ఇంకోటి ఎవలు చూస్తరు?"

మొన్నామధ్య మా పక్కింటి తాత అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి ఆర్నెల్లపాటు నన్ను నేను వేసుకున్న ప్రశ్న కూడా ఇదే. రెండు కనెక్షన్లు తీసుకోవడంలో ఏమీ లేదు, డబ్బులు కట్టేస్తే వాళ్లే వచ్చి తగిలించి పోతారు. ఆ రెండింటినీ కలపడం ఉంది చూశారూ, అసలు కథంతా అక్కడే ఉంది. ఇంజనీరింగ్ చదివి, కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్లో మంచి మార్కులే తెచ్చుకుని, ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ణి నేనే తప్పులో కాలేశాను. ఇంకెవరూ వెయ్యకుండా ఉంటారని రాస్తున్నా.

ముందు కొంచెం నేపథ్యం. మాది కోరుట్ల. బీటెక్ చదివింది కొండగట్టు దగ్గర నాచుపల్లిలో. అమ్మమ్మగారి ఊరు సిరిసిల్ల, మేనమామకు అక్కడ నాలుగు సాంచెలున్నాయి. (సాంచెలంటే మరమగ్గాలు, మా వైపు అలాగే అంటాం.) బాపు పదిహేడేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. కోరుట్ల వైపు ఇదేమీ వింత కాదు, గల్ఫుకు పోయినవాళ్లు లేని వాడకట్టు కనబడదు. ఆ పదిహేడేళ్లూ అమ్మ బీడీలు చుట్టి నన్నూ అక్కనూ చదివించింది.

బాపు తిరిగొచ్చిన కొన్నాళ్లకే కిడ్నీలు పాడయ్యాయని తేలింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. కోరుట్ల నుంచి జగిత్యాలకు పోవాలి, రావాలి. పొద్దున పోతే వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అమ్మ ఒక్కతే తీసుకుపోలేదు. అక్క సంసారం అక్కది. నేనేమో హైదరాబాదులో ఒక గదిలో ముగ్గురితో కలిసి ఉంటూ, శనివారం రాత్రి బస్సెక్కి వచ్చి, ఆదివారం రాత్రి బస్సెక్కి పోతుండేవాణ్ణి.

చివరికి మా మేనేజరుకు విషయం మొత్తం చెప్పేశాను. మంచివాడే. "ఇంటినుంచి చేసుకో, మూడు నెలలు చూద్దాం. కానీ నీ ఆన్‌కాల్ వారంలో లైన్ పోయిందని మాత్రం చెప్పొద్దు. పోతే నేను పైవాళ్లకు సమాధానం చెప్పలేను" అన్నాడు. అంటే నా ఉద్యోగం, బాపు డయాలిసిస్, రెండూ ఆ సన్నటి ఫైబర్ తీగకు వేలాడుతున్నాయన్నమాట. అందుకే రెండు తీగలు.

మొదటి తప్పు: కూడిక

ఇంటికి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఒకటి అప్పటికే ఉంది. ఇంకో కంపెనీది ఇంకో 100 తీసుకున్నా. రెండు తీగలు పెట్టుకునే వీలున్న రూటర్ ఒకటి కొని, అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, దానిమీద ఎమ్‌వాన్3 అనే ప్యాకేజీ వేశాను. (ఇంత హంగామా వద్దనుకుంటే రెండు వ్యాన్ పోర్టులున్న రూటర్లు బజార్లో దొరుకుతాయి, పని అదే.)

మొదటి రోజే ఒక తమాషా జరిగింది. ఏది ఎలా తగిలించినా రెండో కనెక్షన్ పనిచేయదు. రాత్రి పదకొండింటిదాకా తల పగలగొట్టుకున్నాక తెలిసింది, రెండు కంపెనీల డబ్బాలూ తమ చిరునామా 192.168.1.1 అనే చెప్పుకుంటున్నాయి. ఒకే వాడకట్టులో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? నా రూటరూ అదే చేసింది, చేతులెత్తేసింది. ఒక డబ్బాలోకి వెళ్లి దాని చిరునామా 192.168.2.1 గా మార్చగానే అంతా సర్దుకుంది. ఈ ఒక్క ముక్క మొదటే ఎవరైనా చెప్పి ఉంటే నాకో నిద్ర మిగిలేది.

ఆ తర్వాత స్పీడ్ టెస్ట్ పెట్టా. 180 పైన చూపించింది. ఎగిరి గంతేశాను! అమ్మను పిలిచి మరీ చూపించా. "మంచిగున్నదా మరి?" అని, తంబాకు చాట పక్కన పెట్టకుండానే ఓ చూపు చూసి పోయింది.

మర్నాడు పనిలో ఓ పెద్ద ఫైలు దించుకోవాల్సి వచ్చింది. దాని వేగం 95 దగ్గర ఆగింది. ఎంతసేపు చూసినా 95. పక్క తీగ ఖాళీగా గోళ్లు గిల్లుకుంటూ కూచుంది.

ఇదేం మోసం అనుకున్నా గానీ మోసం ఏమీ లేదు, నా లెక్కే తప్పు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోవాలంటే కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడకు పోయి అటునుంచి పోవచ్చు. లేదా జగిత్యాల, కొండగట్టు వైపునుంచి తిరిగి పోవచ్చు. పెళ్లికి రెండు బస్సులు కట్టుకుంటే చెరో దారిన పంపొచ్చు, ఏ దారీ కిక్కిరిసిపోదు. కానీ ఉన్నది ఒక్క బస్సయితే, దారులు రెండున్నా పదున్నా అది పోయేది ఒక్క దారిలోనే. రూటర్ చేసేది కూడా అంతే. కొత్త కనెక్షన్ మొదలైన ప్రతిసారీ నువ్వు ఈ దారి, నువ్వు ఆ దారి అని పంచుతుంది. దీన్నే లోడ్ బ్యాలెన్సింగ్ అంటారు. స్పీడ్ టెస్టులు ఒకేసారి చాలా బస్సులు పంపిస్తాయి, అందుకే అక్కడ రెండు దారుల లెక్కా కలిసి కనబడుతుంది. మనం ఒక్క ఫైలు దించుకుంటే అది ఒక్క బస్సు. నూరూ నూరూ కలిస్తే నూరే!

ఒక్క బస్సులోని జనాన్నే తలా ఒక దారిన పంపొచ్చు కదా అంటారేమో. పంపితే ఏమవుతుందంటే, రెండు కనెక్షన్లకూ బయటి ప్రపంచంలో రెండు వేర్వేరు చిరునామాలుంటాయి. అవతలి సర్వర్ మనల్ని గుర్తుపట్టేది ఆ చిరునామాతోనే. ఒక నంబర్ నుంచి ఫోన్ చేసి సగం వాక్యం చెప్పి, మిగతా సగం ఇంకో నంబర్ నుంచి చెబితే అవతలివాడు "ఎవరండీ మీరు?" అనడూ?

సరిగ్గా ఇదే బ్యాంకు సైట్లో అనుభవమైంది. లాగిన్ అయ్యింది ఒక తీగ మీద, ఓటీపీ కొట్టాక తర్వాతి పేజీ అడిగింది ఇంకో తీగ మీద. బ్యాంకువాడికి ఎవరో దొంగ దూరినట్టు కనబడి బయటికి తోసేశాడు. బాపు మందులకు డబ్బులు పంపడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి అకౌంట్ లాక్ అయ్యాక గానీ నాకు బల్బు వెలగలేదు.

మామ చెప్పిన పాఠం

ఆ వారమే ఏదో పనిమీద సిరిసిల్ల పోయాను. సాంచెల చప్పుడులో మామతో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఏదో అడిగాడు కదా అని నా గోడంతా వెళ్లబోసుకున్నా. మామ పదో తరగతి కూడా చదవలేదు. అంతా విని, కండె మీంచి రెండు పోగులు లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇవి ఎన్ని అల్లుడా?"

"రెండు."

"పక్కపక్కన పెట్టినా రెండే. ఒక్కటి తెగితే ఇంకోటి ఉంటది, గంతే. గట్టితనం రావాల్నంటే రెండిటినీ పెన వెయ్యాలె. పెన ఉత్తగ పడదు, అటు కొసకు పట్టుకునేటోడు ఒగడు ఉండాలె."

నేను నోరెళ్లబెట్టాను. మామ చెప్పింది అక్షరాలా నిజం. పక్కపక్కన పెట్టడం లోడ్ బ్యాలెన్సింగ్. పెన వెయ్యడం బాండింగ్. బాండింగ్ కావాలంటే అవతలి కొసన ఎవరో ఉండి, రెండు దారుల్లో వచ్చిన ముక్కల్ని వరసగా పేర్చి, ఒక్క చిరునామాతో ముందుకు పంపాలి.

దానికీ పద్ధతులున్నాయి. డయలప్ కాలంలోనే రెండు ఫోను లైన్లను కలిపే మల్టీలింక్ పీపీపీ ఉండేది, కానీ అది జరగాలంటే రెండు లైన్లూ ఒక్క కంపెనీవే అయ్యి, ఆ కంపెనీవాడు తన కొసన ఒప్పుకోవాలి. ఆ తర్వాత మల్టీపాత్ టీసీపీ వచ్చింది. దాని మొదటి ప్రమాణ పత్రం 2013 జనవరిలో వెలువడింది. అదే సంవత్సరం ఆపిల్‌వాళ్లు ఐఓఎస్ 7 లో సిరికి దాన్ని వాడారు, వైఫై పోయి మొబైల్ డేటా వచ్చినా సంభాషణ తెగకుండా. 2020 లో లినక్స్ అసలు కెర్నల్‌లోకి, 5.6 వెర్షన్‌తో, రావడం మొదలైంది. కానీ మనం చూసే సైట్లలో చాలావాటికి ఇది తెలియదు కాబట్టి, మధ్యలో మన సొంత సర్వర్ ఒకటి పెట్టుకోవాలి. మామ చెప్పిన అటు కొస మనిషి అన్నమాట.

అదీ చేసి చూశా. ముంబైలో ఓ చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని ఓపెన్‌ఎమ్‌పీటీసీపీరూటర్ పెట్టాను. ఒక్క ఫైలు దించుకుంటే మొదటిసారి వేగం 100 దాటింది! రెండు రోజులు పండగ. మూడో రోజు నుంచి తలనొప్పులు. ప్రతి మాటా ముంబై పోయి రావాలి కాబట్టి ఆలస్యం పెరిగింది. సినిమాల సైట్లు సర్వర్ చిరునామా చూసి మొహం మీదే తలుపేశాయి. ఒక తీగ నెమ్మదిస్తే రెండోది దానికోసం ఆగడం మొదలుపెట్టింది, ఎడ్లబండికి ఓ పక్క దున్నను కట్టినట్టు. పైగా సర్వర్ అద్దె నెలనెలా.

అప్పుడు కూచుని ఆలోచించా. నాకసలు 200 ఎందుకు? వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. ఆఫీసు పనికి ఇరవై చాలు. నాకు కావాల్సింది వేగం కాదు, తెగకపోవడం. ఈ సంగతి మొదటి రోజే తెలియాల్సింది. స్పీడ్ టెస్టులో అంకె చూసి గంతులేసే బుద్ధి మన ఇంజనీర్లకు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, మనం కొలిచేది ఒకటి, మనకు కావాల్సింది ఇంకొకటి!

బాండింగ్ పీకేశాను. మొదటి తీగ ప్రధానం, అది పోతే రెండోది. బ్యాంకులు, ఆఫీసు వీపీఎన్ ఎప్పుడూ మొదటి తీగ మీదే. అమ్మ యూట్యూబ్, నా సినిమాలు రెండోదాని మీద. నాలుగైదుసార్లు తీగ పీకి పరీక్షించా. బ్రహ్మాండం. ఇక ఆ దేవుడే దిగి రావాలి అనుకున్నా.

దిగి వచ్చాడు.

విఘ్నేశ్వరుడే విఘ్నం

2025 ఆగస్టు, వినాయక చవితికి ఇంకా పది పన్నెండు రోజులుంది. మా కోరుట్లలో వినాయక విగ్రహాల తయారీ చాలా పెద్ద ఎత్తున జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చి తీసుకుపోతారు. ఆ రాత్రి సన్నగా వాన. నా ఆన్‌కాల్ వారం. రాత్రి పదిన్నరకు ఒక డేటాబేస్ మార్పు మొదలుపెట్టాను, సగంలో ఉంది. వీధిలో ట్రాక్టర్ మీద ఓ నిలువెత్తు గణపతి, ముందు పిల్లలు వెదురు కర్రలతో తీగలు ఎత్తుతూ, డప్పులు.

టప్పుమని ఏదో శబ్దం. తర్వాత స్క్రీన్ నిలిచిపోయింది.

"ఏం ఫర్వాలేదు, రెండోది ఎత్తుకుంటుంది" అనుకుని ధీమాగా చూస్తున్నా. పదిహేను సెకన్లు. ముప్పై. డబ్బాల వైపు చూస్తే రెండింటి మీదా ఎర్ర లైటు. రెండు కంపెనీలు, రెండు బిల్లులు, రెండు తీగలు. కానీ ఆ రెండు తీగలూ మా ఇంటి ముందు ఒక్క కరెంటు స్తంభం మీదనుంచి, ఒక్క ప్లాస్టిక్ పట్టీతో కలిపి కట్టి వస్తున్నాయి. గణపతి కిరీటానికి తట్టుకుని రెండూ ఒకేసారి తెగాయి.

ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే గదిలో ఒక్క గీత. గొడుగు, లాప్‌టాప్ పట్టుకుని మేడ మీదికి పరుగెత్తాను. లోపలికి ఎక్కేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఈలోపు హైదరాబాదులో ఉన్న సహోద్యోగి ఒకతను మార్పును వెనక్కి తిప్పి పుణ్యం కట్టుకున్నాడు. మర్నాడు మేనేజర్ ఫోన్. తిట్టలేదు. "ఇంకో నెల చూద్దాం" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ ఉదయం బాపును తీసుకుని జగిత్యాల పోతుంటే దారిలో జరిగింది చెప్పాను. కిటికీలోంచి చూస్తూ విన్నాడు. కొంచెంసేపటికి, "మస్కట్ నుంచి వచ్చేటప్పుడు పైసలు రెండు తావుల పెట్టుకుందుము. సగం పెట్టెల, సగం నడుముకు. రెండు మూటలు గట్టి రెండూ ఒక్క పెట్టెలనే పెడితె ఏం ఫాయిదా బిడ్డా?" అన్నాడు.

ఇంకేం మాట్లాడను!

పెద్దవాళ్లూ ఇదే తప్పు చేశారు

తర్వాత చదువుతుంటే నాకు కొంచెం ఊరట కలిగించిన సంగతి. 2008 జనవరి 30 న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో ఫ్లాగ్, సీ-మీ-వీ-4 అనే రెండు పెద్ద కేబుళ్లు ఒకే రోజు తెగాయి. యూరప్ వైపు పోయే మన అంతర్జాలం చాలామటుకు ఆ రెండింటి మీదే నడిచేది. కంపెనీలు వేరు, కేబుళ్లు వేరు, కానీ సముద్రంలో దారి దాదాపు ఒకటే. మన దేశంలోనూ గల్ఫులోనూ నెట్ రోజుల తరబడి నత్తనడక నడిచింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో, జెడ్డా దగ్గర, మళ్లీ ఇలాగే ఒకటికి మించి కేబుళ్లు తెగి ఇటు ఇండియా, అటు దుబాయి రెండూ ఇబ్బంది పడ్డాయి. మా ఇంటి ముందు స్తంభానికి అది పెద్దన్నయ్య అన్నమాట.

స్తంభాల సంగతి నవ్వులాట కూడా కాదు. మా తీగలు తెగిన ఆ రోజుల్లోనే, 2025 ఆగస్టు 17 అర్ధరాత్రి హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. చాలా ఇళ్లలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఎవరిది తప్పని నేను తీర్పు చెప్పలేను. ప్రాణాల ముందు నా డేటాబేస్ ఎంత? కానీ ఒక్కటి మాత్రం అర్థమైంది, స్తంభం మీద తీగ అనేది మనది కాదు. ఏ క్షణమైనా పోతుంది, ఒక్కోసారి పోవడమే న్యాయం కూడా కావచ్చు.

ఇప్పుడున్న ఏర్పాటు

పనికొచ్చే ముక్కలు క్లుప్తంగా చెబుతా.

ఒకటి. రెండో ఫైబర్ తీసేయించాను. దాని బదులు సిమ్ వేసుకునే రూటర్ ఒకటి మేడ మీద, వానకు తడవని డబ్బాలో, టవర్ వైపు తిప్పి పెట్టాను. వేగం ఫైబర్‌లో సగం కూడా రాదు. ఫర్వాలేదు. ఒకటి నేల మీది దారి, ఇంకోటి గాలి దారి. గణపతి రెండింటినీ ఒకేసారి తెంపలేడు.

రెండు. లైన్ ఉందా పోయిందా అని రూటర్ చూసుకునేది పింగ్‌తో. ఆ పింగ్ ఇంట్లో డబ్బాకు పెట్టకండి. బయట తీగ తెగినా డబ్బా "నేనున్నా" అంటూనే ఉంటుంది. 8.8.8.8, 1.1.1.1 లాంటి బయటి చిరునామాలు రెండు పెట్టండి. నేను ఐదు సెకన్లకోసారి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే పోయినట్టు లెక్క అని పెట్టాను. అంటే పదిహేను సెకన్లు. వీపీఎన్ ఒకసారి తెగి మళ్లీ కలుస్తుంది, కాల్‌లో ఉంటే "ఒక్క నిమిషం" అనాలి. అంతకంటే గొప్పలు చెప్పను.

మూడు. కరెంటు. దీన్ని అందరూ మర్చిపోతారు. ఎన్ని కనెక్షన్లున్నా డబ్బాలు నడిచేది కరెంటుతోనే. 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు వస్తాయి, ఫైబర్ డబ్బాకు ఒకటి, రూటర్‌కు ఒకటి, మేడ మీద దానికి ఒకటి.

నాలుగు. నెలకోసారి, పని లేని రోజున, తీగ పీకి చూడండి. పీకి చూడని రెండో లైన్ ఉన్నా లేనట్టే. మా ఇంట్లో ఇది ప్రతి నెలా మొదటి ఆదివారం, అమ్మ యూట్యూబ్ చూస్తుండగా జరుగుతుంది. ఆగితే అమ్మే కేకేస్తుంది, అంతకంటే మంచి అలారం లేదు.

ఆ "ఇంకో నెల" గడిచింది. ఆ తర్వాత ఇంకో మూడు నెలలూ గడిచాయి. మేనేజర్ ఇప్పుడు అడగడం మానేశాడు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున జగిత్యాలలో, ఆస్పత్రి వరండాలో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తా. లోపల బాపుకు మిషన్ తిరుగుతుంటుంది. ఆయన చేతికి రెండు గొట్టాలు, ఒకదాంట్లో రక్తం పోతుంది, ఇంకోదాంట్లో వస్తుంది. అక్కడ మాత్రం రెండూ పనిచేయాల్సిందే, ఒకదానికొకటి బదులు కాదు. ఆ గొట్టాలు చూసినప్పుడల్లా నా స్పీడ్ టెస్టుల పిచ్చి గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఇహ తాత ప్రశ్నకు జవాబు. నిన్న వాకిట్లో కనబడితే చెప్పాను.

"ఇంకోటి ఎవ్వలు చూడరు తాతా. అది ఉత్తగనే ఉంటది."

"మరి పైసలు దండుగ గదరా!"

"దండుగ కావాల్ననే కడుతున్న తాతా. అది పనికొచ్చిన రోజు మనకు మంచిది కాదు."

తాత నన్ను ఎగాదిగా చూసి, హైదరాబాదు పోయి చెడిపోయిన్రు పిల్లలు అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంతే సంగతులు. మీ ఇంటికి వచ్చే తీగలు ఏ స్తంభం మీదనుంచి వస్తున్నాయో ఓసారి బయటికెళ్లి తలెత్తి చూడండి.